ఓడకి 32 మీటర్ల వెడల్పు చాలు

ముందు ఒక చిన్న భాగహారం. ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే భారీ విహార ఓడ (క్రూజ్ షిప్) గ్రాస్ టన్నేజ్, అంటే ఓడ పరిమాణాన్ని చెప్పే అంకె, 2,48,663. క్యాబిన్‌కి ఇద్దరు చొప్పున వేస్తే ఎక్కేవాళ్లు 5,610 మంది. భాగిస్తే 44.3 వస్తుంది. ఇప్పుడు 1998, 2001 మధ్య రెనైసాన్స్ క్రూజెస్ కోసం ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ యార్డులో కట్టిన ఎనిమిది కవల ఓడలు తీసుకోండి. 2001లో ఆ కంపెనీ దివాలా తీసింది. ఓడలు చేతులు మారి ఓషియానియా, అజమారా కంపెనీలకి చేరాయి. ఓడల పిచ్చి ఉన్నవాళ్లు వీటిని ఆర్ క్లాస్ అంటారు. ఒక్కొక్కటి 30,277 టన్నేజ్, కట్టిన కొత్తలో 684 మందికి చోటు. భాగిస్తే ఎంత? మళ్లీ అదే 44.3.

ఒకటి రెండోదానికి ఎనిమిది రెట్లు పెద్దది. మనిషికి వచ్చే వాటా మాత్రం దశాంశంతో సహా ఒకటే. ఈ రెండు ఓడల్లో వారం గడిపితే పోలికే ఉండదని చెప్పడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు. కాబట్టి పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నా సరిపోదు, మనిషికి ఎంత చోటు అన్న ప్రశ్నా సరిపోదు. ఆ చోటుని ఎక్కడ ఖర్చుపెట్టారు, పొద్దున లేచింది మొదలు అందులో మనం ఎటు నుంచి ఎటు నడవాలి అన్నది అసలు సంగతి. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: 32 మీటర్ల వెడల్పు, 290 మీటర్ల పొడవు, రెండు వేల మంది. ఇంతకన్నా మంచి అమరిక ఇంకా రాలేదని నా వాదన. ఆ కొలతలు ఏ డిజైనరూ కూర్చుని తేల్చినవి కావు, ఒక కాలవ గోడలు పెట్టిన హద్దు. ఆ కథకి తరవాత వస్తాను, ముందు అంకెల సంగతి తేలుద్దాం.

గ్రాస్ టన్నేజ్ అంటే బరువు కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. రెండున్నర లక్షల టన్నుల ఓడ అనగానే తూకం అనుకుంటారు. అది ఘనపరిమాణం. ఓడలో గోడలూ కప్పూ ఉన్న చోటంతా ఎన్ని ఘనపు మీటర్లో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తే వచ్చే అంకె. 1969 అంతర్జాతీయ ఒప్పందంలో ఈ పద్ధతి పెట్టారు, 1982 నుంచి అమల్లో ఉంది. గుణకం ఎంతంటే, ఘనపు మీటర్ల సంఖ్యకి 10 ఆధారంగా లాగరిథం తీసి, 0.02తో హెచ్చవేసి, 0.2 కలపాలి. అంటే ఓడ పెద్దదయ్యేకొద్దీ గుణకమూ కొంచెం పెరుగుతుంది. ఆర్ క్లాస్‌కి అది 0.300 దగ్గర ఉంటే ఐకాన్‌కి 0.318 దగ్గర ఉంటుంది. వెనక్కి లెక్క కట్టి చూస్తే చిన్న ఓడలో మనిషికి సుమారు 147 ఘనపు మీటర్లు, పెద్ద ఓడలో 139. రెండింటికీ 44.3 అని రాసి ఉన్నా అసలు చోటు చిన్న ఓడలోనే ఆరు శాతం ఎక్కువ. పెద్ద ఓడ అంకె ఎప్పుడూ కొంచెం ఉబ్బి ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ అంకెతో ఇంకో మూడు తిరకాసులున్నాయి. ఒకటి, ఆరుబయట ఉన్న డెక్కు ఇందులోకి రాదు. విశాలమైన ఓపెన్ డెక్కులున్న ఓడకి కాగితం మీద అన్యాయం జరుగుతుంది. రెండు, ఇంజిన్ గది, సామాన్ల గోదాము, సిబ్బంది గదులు అన్నీ ఇందులో కలిసే ఉంటాయి. అవి మనం అడుగు పెట్టే చోట్లు కావు. మూడోది డబ్బులకి సంబంధించింది. ఇద్దరు చొప్పున అన్నది కాగితం మీది లెక్క. సెలవుల్లో పిల్లలతో కలిపి క్యాబిన్‌కి ముగ్గురు నలుగురు ఎక్కుతారు. ఐకాన్‌లో గరిష్ఠంగా 7,600 మంది పడతారు. దాంతో భాగిస్తే 44.3 కాస్తా 32.7కి దిగుతుంది. బడి సెలవుల్లో వెళ్లేవాళ్లు రెండో అంకెనే నమ్మాలి. ఎక్కువగా పెద్దవాళ్లే ఎక్కే ఓడల్లో ఈ రెండు అంకెల మధ్య తేడా తక్కువ ఉంటుంది, అదే వాటి అసలు సుఖం.

అంకె పూర్తిగా పనికిరాదని కాదు. 35 లోపు ఉంటే బఫేలో ఖాళీ బల్ల కోసం ప్లేటు చేత్తో పట్టుకుని తిరగడానికి సిద్ధపడాలి. 40 నుంచి 45 వరకు హాయిగా ఉంటుంది. క్వీన్ మేరీ 2లో 1,49,215 టన్నేజ్‌కి 2,691 మందే, అంటే 55 పైన. వైకింగ్ స్టార్‌లో 47,842కి 930 మంది, 51. ఈ స్థాయిలో ఓడ నిండినా నిండినట్టు కనపడదు.

ఇక చోటు ఎటు పోతుందో చూద్దాం. ఓడ వెడల్పు పెంచితే డిజైనర్‌కి వచ్చే మొదటి తలనొప్పి మధ్య భాగం. క్యాబిన్ డెక్కుని అడ్డంగా కోసి చూడండి. ఒక పక్క బాల్కనీ, గది కలిపి ఉజ్జాయింపుగా 8 మీటర్లు, రెండో పక్క అంతే. మొత్తం 16. రెండు కారిడార్లకి రెండు మూడు మీటర్లు. 32 మీటర్ల ఓడలో ఇంకా 13 మీటర్లు మిగులుతాయి. అందులో మెట్లు, లిఫ్టులు, సిబ్బంది సామాన్ల గదులు, కిటికీ లేని లోపలి గదులు సర్దుతారు. లెక్క సరిపోయింది. అదే 47 మీటర్ల ఓడలో మధ్యన 28 మీటర్లు మిగులుతాయి. అన్నీ లోపలి గదులే పెడితే చీకటి కొట్టు అవుతుంది. మరి ఏం చెయ్యాలి?

దీనికి మొదటి జవాబు బాల్టిక్ సముద్రంలో రాత్రిపూట తిరిగే ఫెర్రీల నుంచి వచ్చింది. 1990 నాటి సిల్యా సెరెనేడ్ నడిబొడ్డున, పొడవునా ఒక వీధి పెట్టారు. దాన్నే 1999లో వాయేజర్ ఆఫ్ ది సీస్‌కి తెచ్చారు. నాలుగు డెక్కుల ఎత్తు, 120 మీటర్ల పొడవు, రెండు వైపులా దుకాణాలు, పైన ఆ వీధిలోకి తెరుచుకునే కిటికీలున్న గదులు. 2009లో ఓయసిస్ ఆఫ్ ది సీస్ వచ్చేసరికి ఓడ పైభాగాన్నే రెండు పలకలుగా చీల్చి మధ్యలో ఆకాశం కనపడేలా తోట వేశారు, వెనక భాగంలో ఒక సంతవీధి పెట్టారు. ఇంజనీరింగ్ పరంగా నాకు గౌరవమే. కానీ ఫలితం చూడండి: బాల్కనీ అని కొనుక్కున్న గదిలోంచి ఎదురింటి బాల్కనీ కనపడుతుంది. తోట వైపు గదులు కొంత నయం, ప్రశాంతంగా ఉంటాయి. సంతవీధి వైపు గదులకి రాత్రి నీళ్ల థియేటర్ ప్రదర్శన శబ్దం ఉచితం. సముద్రం మీద ఉన్నామన్న సంగతి గుర్తు చేసుకోవడానికి లిఫ్ట్ ఎక్కాల్సి వస్తే దాన్ని ఓడ అనడానికి నాకు నోరు రాదు. బాగా కట్టిన టౌన్‌షిప్ అంటాను.

నడక సంగతి. 360 మీటర్ల ఓడలో ఈ చివరి నుంచి ఆ చివరికి గంటకి నాలుగు కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఐదున్నర నిమిషాలు. అది ఖాళీగా ఉన్నప్పటి మాట. దానికి లిఫ్ట్ కోసం రెండు మూడు నిమిషాల నిరీక్షణ కలపండి. గదికీ భోజనానికీ పూల్‌కీ థియేటర్‌కీ మధ్య రోజుకి పది సార్లు తిరిగితే గంట పైనే పోతుంది. వ్యాయామం అనుకుంటే మంచిదే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం తల ప్రాణం తోకకి వస్తుంది. డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో, లిఫ్టులు లెక్కపెట్టి ప్రయాణికుల సంఖ్యని దాంతో భాగించడం నా అలవాటు. ఒక్కో లిఫ్ట్‌కి 150 మంది లోపు ఉంటే పర్వాలేదు. 200 దాటితే షో వదిలే వేళకి మెట్లే దిక్కు.

అన్నట్టు మెట్లు. ఓడలో మెట్లు ఎక్కడుండాలో అందం కోసం తేల్చరు, అగ్గి కోసం తేలుస్తారు. సోలాస్ అనే అంతర్జాతీయ భద్రతా ఒప్పందం ప్రకారం ప్రయాణికుల ఓడని పొడవునా నిలువు ముక్కలుగా విడగొట్టాలి. ఒక ముక్కలో రాజుకున్న మంట రెండో ముక్కలోకి పాకకూడదు. ఒక్కో ముక్క పొడవు మామూలుగా 40 మీటర్లు దాటకూడదు, కొన్ని కారణాలకి 48 దాకా ఒప్పుకుంటారు, అప్పుడు కూడా ఒక డెక్కు మీద ఆ ముక్క వైశాల్యం 1,600 చదరపు మీటర్లు మించకూడదు. కారిడార్‌లో నడుస్తుంటే అక్కడక్కడ గోడలోకి ముడుచుకుని ఉన్న మందపాటి తలుపులు కనపడతాయే, అవే ఈ ముక్కల హద్దులు. 290 మీటర్ల ఓడ ఏడెనిమిది ముక్కలు అవుతుంది. థియేటర్ ఒక ముక్కలో ఇమడాలి, భోజనశాల ఒక ముక్కలో ఇమడాలి. ఏ కంపెనీ ఓడ చూసినా ముందు భాగంలో థియేటర్, నడుమ ఏట్రియం (కొన్ని డెక్కుల ఎత్తున తెరిచి ఉండే పెద్ద హాలు), వెనక భాగంలో భోజనశాల అన్న వరస ఇంచుమించు ఒకలాగే ఉండడానికి ఇదొక కారణం. వాయేజర్ తరహా పొడవాటి వీధి పెట్టాలంటే ఈ హద్దుల్ని దాటాలి. అందుకని పొగ లాగేసే ఏర్పాట్లు, హద్దుల దగ్గర దిగే షట్టర్లు లాంటివి చూపించి అంతే భద్రత వేరే దారిలో వస్తుందని ఒప్పించాలి.

ఇక డెక్ ప్లాన్ చదివేవాళ్లు తప్పకుండా వెతకాల్సిన దోషం ఒకటుంది. వంటగది అడ్డం. ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఐదో డెక్కు మీద ముందు థియేటర్, తరవాత దుకాణాలు, ఏట్రియం, ఆ తరవాత ఏ పేరూ రాయని తెల్లటి పెద్ద దిమ్మ, దాని వెనకాల భోజనశాల. ఆ తెల్ల దిమ్మే వంటగది. ఓడ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అదే ఆక్రమించి ఉంటుంది, మనల్ని లోపలికి రానివ్వరు. ఏట్రియం దగ్గర నిలబడితే భోజనశాల ముప్ఫై నలభై మీటర్ల దూరం. కానీ వెళ్లాలంటే ఆరో డెక్కు ఎక్కి, దాని మీదుగా వెనక్కి నడిచి, వెనక మెట్లు దిగాలి. మొదటి రోజు సాయంత్రం జనం నడుమ భాగంలోని లిఫ్టులో ఐదో డెక్కుకి దిగి, గోడ చూసి, మళ్లీ లిఫ్ట్ కోసం నిలబడతారు. చక్రాల కుర్చీ ఉంటే వెనక లిఫ్టులొక్కటే గతి. ఈ దోషం లేని ఓడలో వంటగది కింది డెక్కులో ఉంటుంది, లేదా దాని పక్క నుంచి కనీసం ఒక వైపు కారిడార్ వదులుతారు. ప్లాన్‌లో ఆ సన్నటి దారి ఉందో లేదో చూడ్డానికి అర నిమిషం పడుతుంది. వారం పాటు రోజుకి మూడు పూటల అవస్థ తప్పుతుంది.

ఇప్పుడు కాలవ కథ. పనామా కాలవలో ఓడల్ని నీళ్లతో పైకెత్తి దించే గదుల్ని లాకులంటారు. పాత లాకుల గది వెడల్పు 33.5 మీటర్లు, పొడవు 304.8 మీటర్లు. అందులోకి రానిచ్చే ఓడ మామూలుగా 32.3 మీటర్ల వెడల్పు, 294 మీటర్ల పొడవు మించకూడదు. అందుకే ఓడలు 32.2 మీటర్లకి కట్టేవారు. లాకులో దూరినప్పుడు ఒక్కో పక్క మిగిలేది 65 సెంటీమీటర్లు. మూరెడు మీద జానెడు కూడా కాదు. కింది డెక్కు కిటికీలోంచి చూస్తే కాంక్రీటు గోడ తప్ప ఇంకేం కనపడదు. ఓడలు ప్రపంచమంతా తిరగాలి, కాలానికి తగ్గట్టు ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి మారాలి కాబట్టి యార్డులన్నీ ఈ హద్దుకి కట్టుబడేవి. 1996లో కార్నివాల్ డెస్టినీ ఈ హద్దు దాటింది, లక్ష టన్నేజ్ దాటిన మొదటి క్రూజ్ ఓడ కూడా అదే. 2016 జూన్‌లో కాలవలో పెద్ద లాకులు తెరిచాక హద్దు పట్టింపే పోయింది.

ఆ పాత హద్దులో, 2000 నుంచి 2007 మధ్యలో కట్టిన ఓడల్ని వరసగా పెట్టి చూడండి. సెలబ్రిటీ మిలీనియం, రేడియన్స్ ఆఫ్ ది సీస్, కార్నివాల్ స్పిరిట్, హాలండ్ అమెరికా వాళ్ల జోయిడర్‌డామ్, క్యూనార్డ్ క్వీన్ విక్టోరియా. కంపెనీలు వేరు, రంగులు వేరు, వడ్డించే తిండి వేరు. టన్నేజ్ 82,000 నుంచి 91,000 లోపు, జనం రెండు వేల అటూ ఇటూ. మనిషికి వాటా స్పిరిట్‌లో 41.7, మిలీనియం, రేడియన్స్‌లలో 42 పైన, క్వీన్ విక్టోరియా కట్టినప్పటి లెక్కలో 44.7. ఇలా అందరూ ఒకే చోటికి చేరడం కాకతాళీయం అనుకోను. వెడల్పు బిగించేశారు, పొడవు బిగించేశారు, మరీ ఎత్తు పెంచితే నిలకడ పోతుంది. మిగిలిన చోటులో చెయ్యదగ్గ మంచి అమరిక ఒకటే ఉంది, అందరూ దాన్నే పట్టుకున్నారు.

ఆ అమరికలో నాకు నచ్చేది వెన్నెముక. రెండు డెక్కులు పూర్తిగా అందరూ తిరిగే గదులకి వదిలేస్తారు. ఓడ సన్నం కాబట్టి ముందు నుంచి వెనక్కి ఒకటే దారి, ఆ దారికి అటూ ఇటూ గదులు, ఆ గదులకి కిటికీలు, కిటికీల్లో సముద్రం. రెండో రోజుకే దారి తెలిసిపోతుంది. నూట యాభై అడుగులు వేస్తే లైబ్రరీ నుంచి కాఫీ దగ్గరికి, ఇంకో వంద వేస్తే థియేటర్‌కి. అంత పొడవు ఉన్నా మెట్ల గోపురాలు మూడు ఉంటాయి కాబట్టి ఏ గది నుంచైనా ఏదో ఒకటి దగ్గరే. థియేటర్ రెండు ఆటలు ఆడితే ఓడంతా చూసేస్తుంది, ముందు బుకింగ్ గొడవ లేదు. పెద్ద ఓడల్లో షోకి, స్కేటింగ్‌కి, ఒక్కోసారి భోజనానికి కూడా ఇల్లు కదలకముందే ఫోన్‌లో టైమ్ పట్టుకోవాలి. సెలవుకి వెళ్తూ టైమ్ టేబుల్ వేసుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఈ తరంలో కొన్నిటికి ఇంకో సొగసు ఉంది. లైఫ్ బోట్ల కింద, ఓడ చుట్టూ తిరిగొచ్చే ప్రొమెనేడ్. జోయిడర్‌డామ్, క్వీన్ విక్టోరియాలకి మూడో డెక్కు మీద పూర్తి ప్రదక్షిణ చెయ్యొచ్చు. క్వీన్ మేరీ 2 ఏడో డెక్కు మీద మూడు చుట్లు తిరిగితే 1.8 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఇక్కడ బ్రోషర్ మాట నమ్మకండి. ప్రొమెనేడ్ అని రాసి ఉన్నా సగంలో తలుపు వచ్చి లోపలికి మళ్లించే ఓడలు బోలెడు. ప్లాన్ మీద వేలు పెట్టి ముందు కొస నుంచి వెనక కొస దాకా ఎత్తకుండా తిప్పండి. వేలు ఆగకుండా మొదలైన చోటికి వస్తే అది నిజమైన ప్రొమెనేడ్. ముందు కొసలో రెండు మెట్లు ఎక్కి దిగాల్సి వస్తే నేను మన్నిస్తాను.

కుదుపు విషయంలో పొడవుకి చాలా పని ఉంది. లోతు సముద్రంలో అల పొడవు కావాలంటే, ఒక శిఖరం పోయి ఇంకో శిఖరం రావడానికి పట్టే సెకన్లని వర్గం చేసి 1.56తో హెచ్చవేస్తే చాలు. 8 సెకన్ల అల 100 మీటర్లు. 11 సెకన్లది 189. 15 సెకన్లది 351. అల పొడవు ఓడ పొడవుకి దగ్గరైనప్పుడు ముక్కు లేవడం, పడడం ఎక్కువ. 181 మీటర్ల ఆర్ క్లాస్‌కి 10, 11 సెకన్ల అలలు చాలు కడుపులో తిప్పడానికి, అలాంటివి మహాసముద్రంలో మామూలే. 294 మీటర్ల ఓడని అంతగా ఊపాలంటే 13, 14 సెకన్ల దూరపు అలలు కావాలి. 365 మీటర్ల ఓడకి 15 పైన. 181 నుంచి 294కి వచ్చినప్పుడు దక్కే సుఖం పెద్దది, 294 నుంచి 365కి వెళ్తే అదనంగా వచ్చేది స్వల్పం. పక్కలకి ఊగడాన్ని నీళ్లలోకి చాపే రెక్కలు చాలా వరకు ఆపుతాయి, కానీ ముక్కు ఎగరడాన్ని అవి ఏమీ చెయ్యలేవు. ఓడ నడుస్తుంటేనే వాటికి బలం, ఆగితే పెద్దగా పనికిరావు. అందుకే లంగరు వేసిన చోట ఒక్కోసారి నడిసముద్రంలో కన్నా ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పేవాళ్లు పొడవుకి సరిగ్గా మధ్యలో, నీటికి దగ్గరగా ఉన్న గది తీసుకోవాలి. పై డెక్కు సూట్‌కి ఎక్కువ డబ్బు పోసి, ఎక్కువ ఊగడం కొనుక్కునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

రేవుల సంగతికొస్తే చిన్న ఓడ ఎక్కడికైనా వెళ్తుందన్న మాట సగమే నిజం. వెనిస్‌లో 2021 ఆగస్టు 1 నుంచి సాన్ మార్కో ముందు నుంచి, జుదెక్కా కాలవలోంచి వెళ్లకుండా కొన్ని ఓడల్ని ఆపేశారు: 25,000 టన్నేజ్ మించినవి, లేదా 180 మీటర్ల పొడవు మించినవి, లేదా నీటి మీద 35 మీటర్ల ఎత్తు మించినవి. ఏ ఒక్కటి మించినా కుదరదు. చిన్న ఓడ అని మురిసిపోయే ఆర్ క్లాస్ పొడవు 181 మీటర్లు. ఒక్క మీటరు. టన్నేజ్‌లోనూ దాటేసింది. అంటార్కిటికాలో 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ ఎవర్నీ ఒడ్డు మీదకి దింపకూడదు, దింపే ఓడలు కూడా ఒక చోట ఒకసారికి 100 మందినే. అక్కడా 684 మంది ఓడకి దారి లేదు. అంటే చిన్న ఓడ లాభం నిజంగా కావాలంటే ఇంకా చాలా చిన్నదానికి దిగాలి.

రేవు లేక లంగరు వేసి పడవల్లో దింపే చోట తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పడవకి వంద మంది, వెళ్లి రావడానికి అరగంట, నాలుగు పడవలు అనుకుందాం. గంటకి 800 మంది. రెండు వేల మంది దిగడానికి రెండున్నర గంటలు. ఐదు వేల మందికి పడవలు రెట్టింపు చేసినా ఒడ్డున జెట్టీ రెట్టింపు కాదు, ఒకసారికి ఒకటో రెండో పడవలే ఆనగలవు, మిగిలినవి నీళ్లలో వరసకట్టి ఆగుతాయి. ఆఖరి పడవలో వచ్చేవాళ్లకి ఊళ్లో మిగిలేది గంటన్నర. దానికి తోడు గాలి. అన్ని అంతస్తుల ఇనప గోడ గాలికి తెరచాపే. గాలి హెచ్చినప్పుడు ఇరుకు రేవులోకి వెళ్లడం మానేసే నిర్ణయం పెద్ద ఓడ కెప్టెన్‌కి ముందుగా వస్తుంది.

గది ఎంచుకోవడం గురించి రెండు ముక్కలు. గది డెక్కు ఒక్కటే చూస్తే లాభం లేదు, పైడెక్కు, కింది డెక్కు ప్లాన్లు కూడా తెరవాలి. మూడింటినీ మెట్ల గోపురాల ఆధారంగా ఒకదాని మీద ఒకటి సరిచెయ్యండి, ఎందుకంటే మెట్లు అన్ని డెక్కుల్లోనూ ఒకే చోట ఉంటాయి. గోపురం నుంచి మీ గది ఎన్నో తలుపో లెక్కపెట్టి, పైన అదే చోట ఏముందో చూడండి. పైన పూల్ ఉంటే తెల్లవారుజామున ఐదింటికి కుర్చీలు ఈడ్చే చప్పుడు. పైన బఫే ఉంటే బండ్ల చక్రాలు. పైన జిమ్ ఉంటే ఆరింటి నుంచి పరుగు. కింద నాట్యశాల ఉంటే రాత్రి ఒంటిగంట దాకా మంచం కాళ్లలో డప్పు. ముందు కొసలో కింది గదులకి రేవు చేరినప్పుడల్లా పక్క ప్రొపెల్లర్ల మోత, లంగరు గొలుసు గోల. వెనక కొసలో కదలిక వేళ అదురు ఉంటుంది, 1998లో కార్నివాల్ ఎలేషన్‌తో మొదలైన తిరిగే మోటారు ప్రొపెల్లర్లు వచ్చాక అది బాగా తగ్గింది. మధ్య తలుపుతో పక్క గదికి కలిసే క్యాబిన్ కుటుంబాలకి వరం, మిగిలినవాళ్లకి పక్కవాళ్ల టీవీ. లైఫ్ బోట్ల పై వరస బాల్కనీలోంచి కిందకి చూస్తే నీళ్లకి బదులు నారింజ రంగు కప్పులు. ముందుకి తిరిగి ఉండే గదుల్లో రాత్రి తెరలు మూసి ఉంచమంటారు, ఆ వెలుతురు పైన బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, కాపలా కాసేవాళ్ల కళ్లకి అడ్డం. పైన గదులు, కింద గదులు, పక్కన మెట్లు కాకుండా నాలుగైదు తలుపుల అవతల. నా లెక్కలో అదీ మంచి గది. వీక్షణం ఎంత గొప్పదన్నది ఆ తరవాతి సంగతి.

గది లోపల కూడా అమరిక తప్పులు జరుగుతాయి. 2010లో వచ్చిన నార్వేజియన్ ఎపిక్‌లో బాత్రూమ్‌ని విడదీసి షవర్ ఒక పక్క, టాయిలెట్ ఇంకో పక్క, సింక్ గదిలోనే పెట్టారు. కాగితం మీద చోటు ఆదా. ఆ కంపెనీయే తరవాతి ఓడల్లో ఆ ప్రయోగం మానేసిందంటే ఇక వివరించక్కర్లేదు.

ఏ మాటకామాటే చెప్పాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురున్న ఇంటికి నా 32 మీటర్ల ఓడ సిఫారసు చెయ్యను. అక్కడ వాళ్లకి రెండో రోజుకే విసుగు పుడుతుంది. నీటి జారుడుబల్లలు, వయసుని బట్టి విడివిడి గదులు, పొద్దుపోయే దాకా ఆటలు పెద్ద ఓడలోనే కుదురుతాయి. వానాకాలం మధ్యలో పూర్తిగా లోపలే గడపాల్సి వస్తే కూడా పెద్ద ఓడదే పైచేయి. రోజుకో కొత్త రెస్టారెంట్ కావాలనుకునేవాళ్లకి పాత ఓడలో రెండో మూడో తప్ప ఉండవు. బాల్కనీ గదుల శాతం కూడా తక్కువే.

పాత ఓడలకి అన్నిటికన్నా పెద్ద ముప్పు వయసు కాదు, మరమ్మతు. డ్రై డాక్‌కి, అంటే ఓడని నీళ్లలోంచి తీసి బాగుచేసే చోటికి, వెళ్లిన ప్రతిసారీ ఎక్కడో ఒక లౌంజ్ మాయమై అక్కడ క్యాబిన్లు మొలుస్తాయి. క్వీన్ మేరీ 2కే 2016లో 15 ఒంటరి గదులు, 30 బాల్కనీ గదులు చేర్చారు. అంత పెద్ద ఓడకి అది ఆనలేదు. 85,000 టన్నేజ్ ఓడకి అలా రెండు మూడు సార్లు చేరిస్తే 42 ఉన్న వాటా 39కి వస్తుంది, పైగా పోయేది నిశ్శబ్దంగా కూర్చునే గదే.

కొత్తగా 32 మీటర్ల వెడల్పు పూర్తిగా పోయిందా అంటే లేదు. 2023లో వచ్చిన ఓషియానియా విస్టా 241 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు, 67,000 దాటిన టన్నేజ్, 1,200 మంది. వాటా 55 పైన. లాకు అడ్డం లేకపోయినా అదే వెడల్పు ఎంచుకున్నారు. కాకపోతే టికెట్టు ధర పై అంతస్తుకి వెళ్లింది. మామూలు టికెట్టుతో ఆ అమరిక కావాలంటే ఇరవై ఏళ్ల నాటి ఓడలే దారి. బుక్ చేసే ముందు డెక్ ప్లాన్ పేజీ మీద తేదీ చూడండి, మీ ప్రయాణం డ్రై డాక్‌కి ముందా తరవాతా కనుక్కోండి. ఒకే క్లాస్ అని కవల ఓడ ప్లాన్ చూసి గది పట్టకండి. ఒకదానికి మరమ్మతు అయి, రెండోదానికి కాకపోతే మీరు కోరుకున్న ప్రశాంతమైన గది పైన ఈసరికి జిమ్ ఉండొచ్చు.